లింబాద్రి అడిగినవి

హసావిలో మా గది మూడో అంతస్తు.
ఆరు మంచాలు, పదకొండు మంది.
పగటి డ్యూటీవాడు లేస్తే రాత్రి డ్యూటీవాడు వాలతాడు,
పరుపు మాత్రం ఎప్పుడూ చల్లారదు.

శుక్రవారం ఆరాధన నుంచి వచ్చి
తెల్లచొక్కా హ్యాంగరుకి తగిలిస్తానో లేదో
లింబాద్రి మొదలెడతాడు.
అతను ఏ దేవుడికీ బాకీ లేడు,
బాకీలన్నీ ఏజెంటుకే.
"ఆశీర్వాదం, ఇయ్యాల ఏం జెప్పిండు మీ పాస్టరు?"
నేను సగం చెప్పేలోపే
"గది గాదు గని..." అంటాడు.
ఆ 'గని'లోంచే ప్రశ్న తవ్వుకొస్తాడు.

ముగ్గురా, ఒక్కడా? లెక్క తేల్చమన్నాడు.
గుడ్డు చూపించాను:
పెంకు, తెల్లసొన, పచ్చసొన.
"మరి ఆమ్లెట్ ఏస్తే?"
గది గదంతా నవ్వింది, నేనూ నవ్వాను.
ఆ గుడ్డే వేయించి ఖుబ్బూసులో చుట్టుకుని
ఇద్దరం తిన్నాం.
పాస్టరుగారు నేర్పిన ఉపమానం
ఆ పూటకి అలా అరిగిపోయింది.

ఇంకో వారం:
"మీ తాత గోధుమరవ్వకు మారిండంట గద?"
తాత కాదు, నాయనమ్మ.
దాచడానికేముంది?
పాలపొడి డబ్బా మీది బొమ్మనే
చాన్నాళ్లు దేవుడనుకుందట.
కానీ లింబాద్రీ, ఆ రవ్వ
ఆవిడ దోసిట్లో ఎత్తునుంచి పొయ్యలేదు.
గిన్నెలో వడ్డించారు,
వడ్డించి, పక్కన కూర్చున్నారు.
ఆకలికి మారిందో, ఆ కూర్చోవడానికి మారిందో
ఆవిడకే తెలీదు, నాకేం తెలుస్తుంది?

"సర్టిఫికెట్ల హిందువు, చర్చిల క్రైస్తవుడు,
అబద్ధం ఏ కాడ ఉన్నది మరి?"
ఆ రాత్రి జవాబివ్వలేదు.
గోడవైపు తిరిగి పడుకున్నాను.
తాసీల్దారు ముద్ర కింది పేరు,
బతాకా మీది ఫోటో,
మోకాళ్ల మీదున్న మనిషి.
ముగ్గురా, ఒక్కడా?

నా దిండు కింద చిన్న పుస్తకం,
అవిశ్వాసుల ప్రశ్నలకు వంద జవాబులు.
నంబర్లతో సహా నోటికొచ్చు.
నలభై ఒకటి: మంచివాళ్లకి శ్రమలెందుకు?
జవాబు పేజీన్నర.

ఖైతాన్‌లో పరంజా మీంచి పోశెట్టి పడ్డప్పుడు
ఫర్వానియా ఆసుపత్రి బయట
మూడు రాత్రులు ప్రార్థించాను.
లింబాద్రి పక్కనే ఉన్నాడు.
కళ్లు మూయలేదు, చేతులు జోడించలేదు,
నా చెప్పులకి మాత్రం కాపలా కాశాడు.
నాలుగో తెల్లారి నర్సు బయటికొచ్చి
ముందు మా చొక్కాల వైపు, తర్వాత నేల వైపు చూసింది.

శవానికీ కాగితాలు కావాలి.
కఫీలు సంతకం, కంపెనీ ముద్ర, ఎంబసీ వరుస.
ఇరవై రెండు రోజులు తిరిగాం.
జూలై ఎండ. బస్టాపు ఇనప బల్ల కాలిపోతుంటే
నిలబడే ఉన్నాం.
అప్పుడడిగాడు, నవ్వకుండా,
'గని' లేకుండా:
"మూడు రాత్రులు మాట్లాడినవ్.
ఏమన్న అన్నడా నీ దేవుడు?"

నలభై ఒకటో జవాబు
నాలుక చివరిదాకా వచ్చింది, పేజీన్నరా.
మింగేశాను.
"తెలీదు లింబాద్రీ.
కొయ్య మీద కొడుకూ అదే అడిగాడు.
ఆ మధ్యాహ్నం ఆయనకీ పైనుంచి మాట రాలేదు."

లింబాద్రి ఏమీ అనలేదు.
సీసాలో వేడెక్కిన నీళ్లు
సగం తాగి నాకిచ్చాడు.

పెట్టె విమానమెక్కిన రాత్రి
పోశెట్టి మంచం మీద ఎవరూ వాలలేదు.
ఆ గదిలో ఒక పరుపు మొదటిసారి చల్లారింది.
లైటు ఆర్పాక కిందినుంచి మెల్లగా,
"ఆశీర్వాదం,
మీ దేవునికి మా నిజామాబాద్ మాట సమజైతదా?"

"నాకే సమజైంది గదా,
కోనసీమోణ్ణి, నాలుగేళ్లకి" అన్నాను.

నవ్వాడో లేదో చీకట్లో కనబడలేదు.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్క చుక్కగా పడుతున్నాయి.
చాలాసేపటికి
"గది గాదు గని..." అన్నాడు.

లేచి కూర్చున్నాను.